మందులు చాలు

డాక్టర్ పురుషోత్తం గుండెలు మూడూ సోమవారం పొద్దున తొమ్మిదింటికి నూకరత్నం చేతికొచ్చాయి. ఆరేళ్ళుగా ఆమె కోరుకున్నది ఒక్క గుండె. దేవుడు మూడిచ్చాడు.

ఒక్కోటీ ఉసిరికాయంత ఉంది. గాజు జాడీల్లో, లేత గులాబీ రంగు నీళ్ళలో మునిగి, ఎవరో తరుముతున్నట్టు టకటకా కొట్టుకుంటున్నాయి. జాడీల మీద అంటించిన పేరు చదివింది. నమ్మకం కుదరక మళ్ళీ చదివింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయింది. భయం కాదది. తీర్థానికి వెళ్ళే ముందు పిల్లలకి వస్తుందే, ఆ సంబరం.

వీటిని జోడు గుండెలంటారు. మనిషి రక్తంలోంచి కాసిని కణాలు తీసి మూడు వారాలు పెంచితే అచ్చం ఆ మనిషి గుండే చిన్నదై పుడుతుంది. అసలు గుండెలో ఏ నాళం ఎంత పూడుకుపోయిందో దీన్లోనూ అంతే పూడుస్తారు. ఆ తర్వాత ఎర్రమూత జాడీలో గుండెకి ఆపరేషన్ చేసి, పూడిక పక్కనుంచి కొత్త దారి కుడతారు. నీలం మూత గుండెకి స్టెంటు వేస్తారు. పసుపు మూత గుండెకి ఉత్త మందులే.

అక్కణ్ణుంచి రత్నం పని మొదలవుతుంది. ఆ గుండెల్ని పరుగెత్తించాలి. జాడీలో ఒక్క రోజు గడిస్తే గుండెకి మూడు నెలల వయసొస్తుంది. నలభై రోజులకి పదేళ్ళు. అప్పటికి ఏది నిలబడింది, ఏది ఆగిపోయింది చూసి, అసలు మనిషికి ఏ వైద్యం చెయ్యాలో తేలుస్తారు. ఆపరేషనంటే మాటలా? రొమ్ము ఎముక కొయ్యాలి, కాలి నరం తీసి గుండెకి కుట్టాలి, మూడు నెలలు ఏ పనీ ముట్టకూడదు, కొందరైతే బల్ల మీంచి లేవనే లేవరు. అంత యాతన పడితే ఒరిగేదెంత, మందులతో సరిపెట్టుకుంటే పోయేదెంత అన్నది బతికున్న మనిషి మీద కాకుండా జాడీలో తూచి చూసుకోవచ్చని పురుషోత్తం కనిపెట్టాడు. కాకినాడ బీచి రోడ్డులో ఈ కేంద్రం పెట్టాడు. పేపర్లన్నీ ఆయన ఫొటోలు వేశాయి.

ఇప్పుడు ఆయనకే మెట్లెక్కితే ఛాతీలో పట్టేస్తోందట. రెండు నెలల్లో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది, దేశమంతా జోడు గుండెల కేంద్రాలు పెట్టాలా వద్దా తేల్చడానికి. ఈ సమయంలో ఛాతీ కోయించుకుని పడుకుంటే ఎలాగని ఆయన బాధ.

రత్నం మూతల వంక చూసింది. ఎరుపు, పసుపు. మరమూతలు. తిప్పితే ఊడొస్తాయి. రెండు మూతలు అటూ ఇటూ మారిస్తే చాలు. చచ్చిపోయే గుండె బతికినట్టూ, బతికే గుండె చచ్చినట్టూ కాగితం మీదకెక్కుతుంది. అప్పుడు ఆ పెద్దమనిషికి ఎవరో ఒకరు ఆ రెండు మాటలూ చెబుతారు. మందులు చాలు.

ఆ రెండు మాటలే ఏడేళ్ళ కిందట రత్నం మొగుడు వీరబాబుకి పురుషోత్తం చెప్పాడు.

అప్పుడు రత్నం ఇక్కడ లేదు. ఉప్పాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో నీళ్ళు పరీక్ష చేసే పని. వీరబాబు జగన్నాథపురం వంతెన దగ్గర బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. ముప్పై ఎనిమిదేళ్ళకే గుండెల్లో నొప్పి మొదలైంది. అప్పుడే కొత్తగా పెట్టిన ఈ కేంద్రంలో మొదటి పాతికమందిలో అతనికీ చోటు దొరికింది. వరండాలో బల్ల మీద రత్నాన్ని కూర్చోబెట్టి, ఒక కుర్ర డాక్టరు రోజుచీటీ రాసుకున్నాడు. వీరబాబు రోజూ ఏం తింటాడు, ఎంత నడుస్తాడు, ఉప్పు, నిద్ర, పొగ, కోపం, అన్నీ అడిగాడు. మావయ్య సత్తిరాజు, వీరబాబు తండ్రి, పక్కనే ఉన్నాడు. రత్నం అన్నీ చెప్పింది.

నలభై రోజుల తర్వాత పురుషోత్తం వాళ్ళని పిలిచి, పసుపు మూత జాడీ చూపించి నవ్వాడు. "మందులు చాలు. నవ్వుకుంటూ వెళ్ళండి."

నవ్వుకుంటూనే వెళ్ళారు. తొమ్మిది నెలలకి ఒక పొద్దున వీరబాబు ఇంజను మీద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పదకొండో రోజు కాగానే మావయ్యా కోడలూ ఇక్కడికొచ్చి పురుషోత్తాన్ని నిలదీశారు. ఆయన ఫైలు తిరగేసి, తల కూడా ఎత్తకుండా అన్నాడు. "చీటీ ప్రకారం అంతా సరిగ్గానే జరిగిందమ్మా."

చీటీ ప్రకారమట! మనిషి పోతే కాగితం చూసి మాట్లాడే వాణ్ణి ఏమనాలి? జాడీలో గుండె ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, పేరు కోసం అది బతికిందని రాసుకుని ఉంటాడు. రత్నం అలాగే అనుకుంది. మావయ్య కూడా అదే అన్నాడు. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, ఆ డాక్టరు పడిపోయేదాకా గడ్డం తియ్యనని సముద్రం ఒడ్డున పంతం పట్టాడు. ఇప్పుడా గడ్డం రొమ్ము దాకా వచ్చింది. వీధిలో పిల్లలు ఆయన్ని స్వాములోరంటారు.

కోడలికి ఇక్కడ ఉద్యోగం ప్రకటన చూసి తెచ్చిచ్చింది కూడా ఆయనే. తొట్లలో నీళ్ళూ ఉప్పూ వేడీ చూసుకోవడం హేచరీలో చేసిన పనే. పుట్టింటి ఇంటిపేరుతో, కర్రి నూకరత్నంగా చేరింది. పురుషోత్తం ఒక్కసారీ పోల్చుకోలేదు. ఆయన రోగుల గుండెలు గుర్తుపెట్టుకుంటాడు గానీ ఆడవాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకోడు.

పదకొండు గంటలకి పురుషోత్తం భార్య విశాలాక్షి వచ్చింది, రోజుచీటీ రాయించడానికి. రోగి తన చీటీ తను రాయకూడదు, రాసింది చూడకూడదు. రోగి అబద్ధం చెబుతాడు, ఇంట్లోవాళ్ళు చెప్పరు అన్నది పురుషోత్తం సిద్ధాంతం. విశాలాక్షి వెనకే ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మ, ఎనభై దాటిన మనిషి, కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి అదే వరండాలో, అదే బల్ల మీద కూర్చుంది.

"ఉప్పు ఎలా తింటారండీ?" అని మొదలుపెట్టింది రత్నం.

"తక్కువేనమ్మా. మాగాయ మాత్రం ముక్క లేకపోతే ముద్ద దిగదు."

"మాగాయ కాదు, ఆవకాయ," అంది పెద్దావిడ. "దానికేం తెలుసు. నేను కలిపి పెడుతుంటే చూస్తున్నాగా."

"నిద్ర?"

"అయిదు గంటలు. అదీ ఫోను పక్కలో పెట్టుకుని."

"కోపం?"

విశాలాక్షి నవ్వేసింది. "దానికి మీ దగ్గర సీసా ఉందట కదా. నిండా పోసెయ్యండి."

సీసా ఉన్నమాట నిజమే. ఉప్పుకొకటి, కొవ్వుకొకటి, నిద్రలేమికొకటి, కోపానికొకటి. చీటీలో ఎంతుంటే గంటగంటకీ అంత చుక్కలు జాడీలో పడతాయి. గుండె ఆ బతుకు బతుకుతుంది.

"పొగ అలవాటుందాండీ?"

విశాలాక్షి కళ్ళు ఒక్కసారి అత్తగారి మీదకి వెళ్ళొచ్చాయి. రెప్పపాటు కూడా పట్టలేదు. "ఛ ఛ, అలాంటివేం లేవమ్మా."

"వాళ్ళ నాన్న చుట్టలు కాల్చి కాల్చే పోయారు," అంది పెద్దావిడ. "అందుకే మావాడికి ఆ వాసన వస్తేనే గిట్టదు."

రత్నం తల వంచుకుంది, నవ్వు కనబడకుండా. రోజూ పదింటికీ, ఒంటిగంటకీ, నాలుగింటికీ డాక్టరు గారు జనరేటర్ గది వెనక్కి వెళ్ళి సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చి, యాలక్కాయ నములుతూ తిరిగొస్తాడు. ల్యాబు కిటికీలోంచి ఆరేళ్ళుగా లెక్కపెడుతోంది. కేంద్రంలోనే ఏడో ఎనిమిదో. ఇంటికెళ్ళాక ఎన్నో.

మూతలు మార్చక్కర్లేదు. ఏమీ చెయ్యక్కర్లేదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తే చాలు. పొగ తాగని బతుకు బతికి పసుపు మూత గుండె పదేళ్ళూ హాయిగా కొట్టుకుంటుంది. దాన్ని నమ్ముకుని పొగ తాగే పురుషోత్తం ఏడాది తిరక్కుండా పోతాడు. తన చేతికి మట్టి అంటదు. ఎవడైనా అడిగితే చీటీ ప్రకారం అంతా సరిగ్గానే జరిగిందని చెప్పొచ్చు. తల కూడా ఎత్తకుండా చెప్పొచ్చు.

పొగ ఎదురుగా 'లేదు' అని రాసింది. ఎంత అందంగా రాసిందంటే, స్కూల్లో కూడా అంత గుండ్రంగా రాసుండదు. విశాలాక్షి సంతకం పెట్టింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి సత్తిరాజు వాకిట్లో పాత వల ముందేసుకుని చిల్లులు కుడుతున్నాడు. సముద్రం మానేసి పదేళ్ళయినా ఆయన చేతులు వల మానలేదు.

"మావయ్యా, వాడి గుండె నా చేతికొచ్చింది," అంది చెప్పులు విప్పకుండానే.

ముసలాయన కళ్ళల్లో వెలుగు చూసి రత్నానికి కడుపు నిండిపోయింది. "ఒదలకమ్మా," అన్నాడు. "ఈసారి ఒదలకు. మావోడు పైనుంచి చూత్తన్నాడు."

ఆ పూట రత్నం ఇష్టంగా రెండు ముద్దలు ఎక్కువ తింది. కానీ పెరుగన్నం కలుపుకుంటుంటే ఎందుకో విశాలాక్షి చూపు గుర్తొచ్చింది. అత్తగారి మీదకి వెళ్ళొచ్చిన ఆ చూపు. ఎక్కడో చూసిన చూపు. ఎక్కడ చూసిందో గుర్తొచ్చేసరికి ముద్ద మళ్ళీ కంచంలో పెట్టేసింది. చూసింది కాదు. చేసింది.

వీరబాబు రోజుకి రెండు కట్టల బీడీలు కాల్చేవాడు. పెళ్ళయిన రెండో ఏడు అన్నవరంలో వ్రతం చేసుకున్నప్పుడు, పీటల మీద కూర్చుని, తండ్రి చేతిలో చెయ్యేసి, ఇక ముట్టనని ఒట్టేశాడు. సత్తిరాజు ఆ సంగతి పేటంతా చెప్పుకున్నాడు. బోటు వాళ్ళందరి ముందూ కొడుకుని మెచ్చుకున్నాడు. వీరబాబు మూడు రోజులు ఆగాడు. తర్వాత షెడ్డు వెనక మొదలుపెట్టాడు. ఆ సంగతి రత్నం ఒక్కదానికే తెలుసు. కుర్ర డాక్టరు 'పొగ?' అని అడిగినప్పుడు మావయ్య మోచెయ్యి ఆమె మోచేతికి తగులుతోంది. దేవుడి ముందు వేసిన ఒట్టు కొడుకు తప్పాడని తండ్రి మొహాన ఏ కోడలు చెబుతుంది?

'అలాంటివేం లేవండి' అంది. అదే మాట. విశాలాక్షి అన్న మాటే.

అయితే ఏమైందట? రత్నం తనకి తానే గట్టిగా చెప్పుకుంది. బీడీలు రాసినా రాయకపోయినా ఆ గుండె ఆగేదే. ఆగిన గుండెని ఆడిందని రాశాడు వాడు. దొంగ. అదీ తేల్చేస్తే పోతుంది.

తేల్చడానికి దారి ఉంది. ప్రతి రోగికీ రెండు గుండెలు ఎక్కువ పెంచి, చలిగదిలో నిద్రపుచ్చి దాచడం కేంద్రంలో ఆనవాయితీ. ఓలేటి వీరబాబు అని రాసున్న రెండు చిన్న డబ్బాలు నాలుగో అరలో ఉన్నాయని చేరిన వారానికే రత్నం చూసింది. ఆరేళ్ళలో ఒక్కసారీ వాటి మీద చెయ్యి వెయ్యలేకపోయింది. మంగళవారం పొద్దున తలుపు దగ్గరగా వేసి రెండూ తీసింది.

వెచ్చటి నీళ్ళలో పది నిమిషాలకి మొదటిది కదిలింది. కాసేపటికి రెండోది. ఏడెనిమిది సార్లు కొట్టుకుని ఒకసారి తడబడి మళ్ళీ అందుకునే గుండె. పెళ్ళయిన కొత్తలో అతని రొమ్ము మీద తల పెట్టుకుని ఆ తడబాటు లెక్కపెట్టేది. రత్నం బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడుపుకింకా టైముంది, ముందు దొంగని పట్టుకోవాలి.

రెంటికీ అప్పటి పూడికలే పెట్టించి, పసుపు మూతలే బిగించింది. రెంటికీ అప్పటి మందులే. ఒకదానికి పాత చీటీ ప్రకారం బతుకు. రెండోదానికి అదే చీటీ, కానీ పొగ సీసాలోంచి రోజుకి రెండు కట్టల బీడీలకి సరిపడా చుక్కలు. రెండూ ఆగిపోతాయి, పాత చీటీ గుండె ఆగిన రోజున ఆ కాగితం పట్టుకెళ్ళి పురుషోత్తం మొహాన కొడదామని ఆమె ఉద్దేశం. పది గంటలకి నాలుగైదు జాడీల వరసలో వాటినీ పెట్టి పరుగు మొదలుపెట్టింది. పక్క వరసలో పురుషోత్తం గుండెలు మూడూ అప్పుడే పరుగందుకున్నాయి.

బుధవారం అన్నీ బాగానే ఉన్నాయి. గురువారం బీడీల గుండె తడబాటు పెరిగింది. అయిదుకొకటి, మూడుకొకటి. రత్నం మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. రెండోదాని వైపు తిరిగి, "నువ్వూ ఆగు," అంది పళ్ళు బిగించి. అది ఆగలేదు. నున్నటి రోడ్డు మీద సైకిలు తొక్కుతున్నట్టు పోతోంది.

శుక్రవారం పొద్దున పదీ నలభైకి బీడీల గుండె ఒకసారి గట్టిగా ముడుచుకుని, విచ్చుకోలేదు. పరుగు మొదలై మూడు రోజులు దాటి నలభై నిమిషాలు. జాడీ కాలంలో తొమ్మిది నెలలు. వీరబాబు మందులు మొదలుపెట్టి ఎన్నాళ్ళకి పోయాడో అన్నాళ్ళు.

పక్కన అబద్ధం గుండె ఎర్రగా, నిండుగా కొట్టుకుంటోంది.

పురుషోత్తం దొంగ కాదు. జాడీలో ఏం జరిగిందో అదే రాశాడు. చీటీలో రత్నం చెప్పిన వీరబాబుకి మందులు చాలు. తను చెప్పిన వీరబాబు అసలు పుట్టనే లేదు. నిజం చెప్పి ఉంటే ఆపరేషన్ చేసేవారేమో, చేస్తే బతికేవాడేమో. అది చూసుకోవడానికి మూడో గుండె మిగల్లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో. 'నవ్వుకుంటూ వెళ్ళండి' అన్న రోజున గేటు దాటగానే వీరబాబు బీడీ వెలిగించి, పొగ వదులుతూ అన్నాడు. "చూశావా? బీడీలు లెక్కేసుకుని కూడా మందులు చాలన్నాడు. నా గుండె ఇనపది." చీటీలో రత్నం అన్నీ చెప్పిందనే అనుకున్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. వెనక్కి నడిచి గేటులోకి వెళ్ళొచ్చు. మావయ్య నాలుగడుగుల ముందు నడుస్తున్నాడు. రత్నం నోరెత్తలేదు.

కోపం మనిషి మీద ఉంటే మోసుకు తిరగొచ్చు. ఆరేళ్ళు మోసింది, అదే తిండీ నిద్రా అయి కాపాడింది. ఆ కోపం ఇప్పుడు తిరిగి తన ఇంటికే వస్తే తలుపు ఎలా వేసుకోవాలో రత్నానికి తెలియలేదు. ఆ రోజంతా సీసాల్లో చుక్కలు సరిచూస్తూ కూర్చుంది. పురుషోత్తం మీద కసి తగ్గిందా అంటే తగ్గలేదు. ఆరేళ్ళు కాచిన పాలు పొయ్యి మీంచి దించినా ఇంకా పొంగుతూనే ఉన్నాయి. పోతే పోనీ వాడు కూడా, అనిపించింది. తనలాగే వాళ్ళావిడా బతకనీ.

శనివారం ఏడాది చూపు. జాడీలో ఏడాది నిండిన నాలుగో రోజున రోగినీ ఇంట్లోవాళ్ళనీ పిలిచి చూపిస్తారు. పదకొండింటికి పురుషోత్తం వచ్చాడు. వెనకాల విశాలాక్షీ, ఆవిడ భుజం పట్టుకుని పెద్దావిడా. డాక్టరు గారు ఎర్రమూత వంకా నీలం మూత వంకా పైపైన చూసి, పసుపు మూత జాడీ ముందు వంగి చాలాసేపు నిలబడ్డాడు. లేచేసరికి మొహం విప్పారింది. ఏడేళ్ళ నాటి నవ్వే.

"మందులు చాలు," అన్నాడు.

రత్నం పెదవి కొరుక్కుంది. ఎవరి చేతో అనిపిద్దామనుకున్న మాట, తన నోటితోనే అన్నాడు. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని నిలబడటం. నిలబడింది.

పురుషోత్తం భార్య వైపు వంగి, తల్లికి వినబడకుండా గొంతు తగ్గించాడు. "చూశావా? నా అలవాట్లన్నీ లెక్కేసుకుని కూడా. నా గుండె ఇనపదే."

ఎదురుగా ఉన్నది పురుషోత్తం. మాట వీరబాబుది. విశాలాక్షి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. ఆవిడ ఎలా నిలబడిందో ఆ రోజు గేటు దగ్గర రత్నమూ అలాగే నిలబడింది.

"డాక్టరు గారూ," అంది రత్నం. గొంతు ఎంత పెద్దగా వచ్చిందంటే ఆమే ఉలిక్కిపడింది. "జనరేటర్ గది వెనక రోజుకి ఎన్ని సిగరెట్లు కాలుస్తారండీ?"

పెద్దావిడ తలెత్తి కొడుకు వంక చూసింది.

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు?" అన్నాడు పురుషోత్తం. కళ్ళు మాత్రం తల్లి మీదే ఉన్నాయి.

"చీటీలో పొగ లేదని ఉందండి. ఈ గుండె సిగరెట్టు మొహం చూడలేదు. అందుకే ఇలా ఆడుతోంది."

ఆయన మెల్లగా భార్య వైపు తిరిగాడు. "నువ్వు చెప్పలేదా?"

"అత్తయ్యగారి ముందా?" అంది విశాలాక్షి, ఏడుపు గొంతుతో.

పెద్దావిడ కర్ర నేలకి గట్టిగా ఆనించింది. "ఎన్నేళ్ళ నుంచిరా?"

అరవై ఏళ్ళ మనిషి, ఊళ్ళో సగం గుండెలు చూసినవాడు, బడిపిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కాలేజీ రోజుల్నుంచి."

"రోజుకెన్ని?"

ఆయన నోట్లోనే గొణిగాడు. "పన్నెండు."

ఆవిడ రత్నం వైపు తిరిగి, "రాయమ్మా," అంది. "పన్నెండు రాయి. పదహారు రాసుకో. వీడు తగ్గించే చెబుతాడు."

పురుషోత్తానికి అప్పుడొచ్చింది కోపం. "ఇంట్లోవాళ్ళ ముందు నా పరువు తీస్తావా? ఇవాళే నిన్ను..."

"తీసెయ్యండి," అంది రత్నం. "నా అసలు ఇంటిపేరు ఓలేటి. వీరబాబు భార్యని. బోటు మెకానిక్కు."

ఆయన నోరు తెరిచి, "చీటీ ప్రకారం..." అన్నాడు.

"చీటీ ప్రకారం మీ తప్పు లేదండి. నిన్ననే చూసుకున్నాను. చీటీ నేను రాయించాను, అబద్ధం నేను చెప్పాను. కానీ మామగారిని ఆనించి కూర్చోబెట్టి మొగుడి బీడీల లెక్క అడిగితే ఏ ఆడది చెబుతుందండీ? ఇన్ని కనిపెట్టారు, అది తెలీలేదా మీకు? మీ ఇంట్లోనే తెలీలేదు!" ఆమె వేలు పసుపు మూతకి తగిలింది. "మిమ్మల్ని ఇలాగే పంపించేద్దామనుకున్నాను. నవ్వుకుంటూ. దేవుడి మీద ఒట్టు, ఇంతకుముందు దాకా అదే అనుకున్నాను."

పురుషోత్తం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆయాసపడుతున్నాడు.

"నా మిగులు గుండెలు రెండున్నాయి," అన్నాడు రత్నం మొహం చూడకుండా. "నిద్ర లేపు. పదహారు వెయ్యి."

సాయంత్రం సత్తిరాజు వల ముందే ఉన్నాడు. కోడల్ని చూడగానే సూది ఆపాడు. "ఏమ్మా, పడ్డాడా?"

"లేదు మావయ్యా. నేనే నిజం చెప్పేశాను. మళ్ళీ మొదట్నుంచి తూకం. ఆపరేషనంటారేమో. బతుకుతాడేమో."

"చేతికొచ్చినోణ్ణి ఒదిలేసొచ్చావా?" ముసలాయన గడ్డం వణికింది. "నా కొడుకుని మింగినోణ్ణి?"

రత్నం ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. మీ అబ్బాయి గుండెలు రెండు నిద్ర లేపానంది. ఒకటి ఎలా ఆగిందో, ఏ రోజుకి ఆగిందో చెప్పింది. రెండోది ఎందుకు ఆగలేదో చెప్పింది. "ఆయన బీడీలు మానలేదు మావయ్యా. రెండు కట్టలు కాల్చేవాడు. ఆ రోజు బల్ల మీద మీరున్నారని లేదన్నాను." చెప్పి, దెబ్బ కోసం ఎదురుచూసినట్టు కళ్ళు మూసుకుంది.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిస్తే ఆయన వల కన్నాల్లోకి చూస్తున్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఒట్టేసిన నాలుగో రోజే తెలుసు. ఇంజనాయిలు రాసుకుంటే మాత్రం బీడీ కంపు పోద్దా? పేటంతా చెప్పుకు తిరిగాను కదమ్మా, మావోడు మానేశాడని. ఏ మొకం పెట్టుకుని అడగను?" సూది గుచ్చాడు, దారం లాగలేదు. "ఆ రోజు బల్ల మీద నువ్వు నా వంక చూశావు. నిజం చెప్పెయ్యమంటావా మావయ్యా అన్నట్టు చూశావు. నేను గోడమీద కేలండరు వంక చూశాను."

రత్నానికి ఆ గడ్డం రెండు చేతులా పట్టుకుని గుంజాలనిపించింది. ఉద్యోగం కాగితం తెచ్చిచ్చిందీ, రోజూ 'ఏమైందమ్మా' అని అడిగిందీ, పొయ్యి చల్లారితే మళ్ళీ ఊది రాజేసిందీ ఈయనే.

"మరి ఆరేళ్ళూ నన్నెందుకు తోలారు వాడి మీదకి?"

"ఎవుడో ఒకడు ఉండాలి కదమ్మా," అన్నాడు సత్తిరాజు. "లేపోతే నేనే గదా."

వీధిలో ఎవరో పిల్లాడు 'స్వాములోరూ' అని కేకేసి పరుగెత్తాడు. ముసలాయన ఆ కేక వినబడనట్టు గడ్డం పిడికిట్లో పట్టుకుని, వదిలేశాడు.

"రెండోది ఇంకా కొట్టుకుంటందన్నావు," అన్నాడు.

"ఊఁ. మనం చెప్పిన అబద్ధం మీద బతుకుతోంది."

"ఆడిదిలాగే ఉంటదా? ఆ తడబాటూ అదీ?"

"అచ్చం అలాగే."

"ఎన్నాళ్ళుంటది?"

"ఇంకో ముప్పై ఆరు రోజులు. తర్వాత నేనే ఆపాలి."

సత్తిరాజు దారం లాగి ముడేసి, మిగిలింది పళ్ళతో తెంపాడు. ముడి సరిగ్గా పడిందో లేదో వేలితో రెండుసార్లు తడిమి చూశాడు.

"ఆ రోజు నన్నూ తీసుకెళ్ళు," అన్నాడు. "ఆనాడు బల్ల మీదా ఇద్దరం ఉన్నాం కదా."